ఏ పరీక్షతో తేల్చారు సార్?



పోస్ట్ పొడుగ్గానే ఉంటది, ఓపికతో చదవండి. మన గ్రూపులో పోడు పట్టాల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి, నోటిఫికేషన్ల గురించి బాగానే మాట్లాడుకుంటం. ఈసారి జ్వరం గురించి రాస్తున్న. జ్వరం గురించి ఇంత రాయాల్నా అనుకోకండి. మన ఊళ్ళల్లో ఎంతమంది పోయారో లెక్క తీస్తే, ఏ రోగంతో పోయారో సరిగ్గా చెప్పగలిగేవి ఎన్ని ఇళ్ళు?

నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల వైపు కోయ పిల్లను. సికింద్రాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న, మైక్రోబయాలజీ. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

మొన్న దసరా సెలవులకు నా రూమ్మేట్ ఉట్నూరు వైపు వాళ్ళ ఊరికి పోయి వచ్చింది. వచ్చిన వారానికి జ్వరం. హాస్టల్‌కు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కు తీసుకుపోయిన. సార్ రెండు నిమిషాలు చూసి ‘వైరల్’ అన్నారు. మూడు రోజులైనా తగ్గలే. మళ్ళీ పోతే రక్తపరీక్ష రాశారు. ప్లేట్‌లెట్లు 78 వేలు ఉన్నాయి. ‘డెంగ్యూ లాగుంది, అడ్మిట్ చేయండి’ అని ఒక ప్రైవేటు ఆసుపత్రికి చిట్టీ రాసిచ్చారు. డెంగ్యూ పరీక్ష అప్పటికి చేయనే లేదు.

ఆ పిల్ల మంచం మీద ముడుచుకొని పడుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటక కొట్టుకుంటున్నయి. గంట తర్వాత ఒళ్ళు కాలిపోతున్నది. ఇంకాసేపటికి చెమటతో పరుపు తడిసిపోయింది. ఆ వణుకు నాకు తెలుసు, ఇంతకుముందు మా ఇంట్లో చూసిన. తెల్లారి ఆటోలో గాంధీ ఆసుపత్రికి తీసుకుపోయి, ఓపీలో డాక్టరమ్మకు ముందే చెప్పిన: ‘మేడం, ఈ అమ్మాయి పది రోజుల కింద ఏజెన్సీ నుంచి వచ్చింది.’ ఆమె వెంటనే మలేరియా స్లైడు రాసింది. వైవాక్స్ మలేరియా అని తేలింది.

మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగ్యూనే అని సిటీలో అందరి నోట్లో నానిపోయింది. క్లినిక్ సార్ చెడ్డాయన అని నేను అనను. ఆయన ఒక్క ప్రశ్న అడగలేదు, అంతే: ‘ఈ మధ్య ఎక్కడికైనా పోయి వచ్చినవా అమ్మా?’

ఇక ఇంట్లో చూసిన వణుకు సంగతి.

నేను అప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. శ్రావణంలో ఇంటికి వచ్చేసరికి మా చిన్నాయన మంచంలో ఉన్నాడు. ముందు చలి, తర్వాత మంట, తర్వాత చెమట. మా అవ్వ చూడగానే ‘ఇది చలిజ్వరమే, దోమజ్వరమే’ అన్నది. అవ్వ మాట ఎవరు లెక్కచేస్తారు? ఆమె చదువుకోలేదు కదా. ఆరెంపీ డాక్టర్ బండి మీద వచ్చి రక్తం తీసుకొని మండలంలో ల్యాబ్‌కు పంపించాడు. సాయంత్రానికి చిట్టీ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది.

ఆ చిట్టీ మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే. అందరూ నా చుట్టూ చేరారు. కూడబలుక్కొని చదివి, ‘వైడాల్ పాజిటివ్ అంట, టైఫాయిడ్ అంట’ అని చెప్పిన. మా నాయిన ముఖంలో ఎంత ధైర్యం వచ్చిందో! రోగం పేరు తెలిసింది, మందు దొరికినట్టే అనుకున్నం. పైగా చదువుకున్న పిల్ల చదివి చెప్పింది. అవ్వ మళ్ళీ నోరు తెరవలేదు.

ఆరు రోజులు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించారు, సూదులు వేశారు. రెండు మేకలు అమ్మినం. ఏడో రోజు చిన్నాయన మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఫిట్స్ వచ్చినయి. వాగు దాటించి, ఆటో పట్టుకొని పెద్ద దవాఖానాకు చేరేసరికి చీకటి పడింది. అక్కడ అరగంటలో చెప్పారు, ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కిందని. ఆ రాత్రే పోయాడు. చిన్నమ్మ చేతిలో ఇద్దరు పిల్లలు.

మొదటి రోజే స్లైడు చూసి ఉంటే బతికేవాడా? నేను ఒట్టేసి చెప్పలేను. కానీ ఫాల్సిపారం మలేరియాకు మూడు రోజుల గోలీలు ఉన్నాయి, సర్కారు దవాఖానాలో పైసా ఖర్చు లేకుండా ఇస్తారు. చిన్నాయనకు ఆ గోలీ ఒక్కటి కూడా పడలేదు. పడకపోవడానికి కారణం మందు లేకపోవడం కాదు, డబ్బు లేకపోవడం కూడా కాదు. రోగానికి తప్పు పేరు పెట్టడం. ఆ పేరును నేనే చదివి వినిపించిన.

డిగ్రీలో చేరిన తర్వాత వైడాల్ పరీక్ష గురించి చదివిన. ఆ రోజు రాత్రి అన్నం తినబుద్ధి కాలే. ఈ పరీక్ష 1896లో ఫెర్నాండ్ వైడాల్ అనే ఫ్రెంచి డాక్టర్ కనిపెట్టింది. రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందా అని అది చూడదు. ఆ క్రిమితో కొట్లాడే యాంటీబాడీలు ఉన్నాయా అని చూస్తది. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, ఒక్కోసారి మలేరియా వల్ల కూడా అది పాజిటివ్ చూపించొచ్చు. అందుకే టైఫాయిడ్ ఎక్కువుండే మన లాంటి చోట ఒక్కసారి చేసిన వైడాల్‌ను నమ్మి తేల్చొద్దని మా పుస్తకాల్లోనే ఉంది. పక్కాగా తేలాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తం తీసి కల్చర్ చేయాలి. మన ఊళ్ళల్లో మాత్రం వాన పడ్డాక వచ్చే ప్రతి జ్వరానికీ వైడాల్, ప్రతి వైడాల్‌కూ టైఫాయిడ్, ప్రతి టైఫాయిడ్‌కూ బాటిల్.

మరుసటి ఏడాదే, 1897 ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టర్ ఒక దోమను కోసి మైక్రోస్కోపు కింద పెట్టి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా దోమ వల్లనే వస్తదని తేల్చే దారి అక్కడ తెరుచుకుంది. అది జరిగింది ఏ లండన్‌లోనో కాదు. ఇక్కడే, సికింద్రాబాద్‌లో, బేగంపేటలో. ఆ భవనం ఇప్పటికీ ఉంది, రాస్ పేరుతోనే. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన దోమలతో కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారని రాసి ఉంది. రాస్ కూడా మొదట్లో చాలా కాలం వేరే జాతి దోమల్ని కోస్తూ కూర్చున్నాడు. ఏమీ దొరకలేదు. అయినా ‘ఇదే అయ్యుంటది’ అని పేరు పెట్టి లేచిపోలేదు. దోమను మార్చి మళ్ళీ చూశాడు.

మా కాలేజీ వాళ్ళు ఆ భవనం చూపించడానికి తీసుకుపోయినప్పుడు అందరూ సెల్ఫీలు దిగారు. నేను గేటు దగ్గర నిలబడి లెక్క వేసుకున్న. ఇక్కడ మలేరియా గుట్టు తెలిసి నూట ఇరవై ఏళ్ళు దాటింది. ఇదే రాష్ట్రంలో మా చిన్నాయనకు ఒక స్లైడు దొరకలేదు.

మనం ఏజెన్సీ వాళ్ళం, చదువులేని వాళ్ళం, అందుకే మనకిట్లా అయితది అనుకుంటం కదా. పూర్తిగా నిజం కాదు. 2002 జులైలో హైదరాబాద్‌లో ఒకామెకు ఆగి ఆగి జ్వరం, చలి. భర్త ఆమెను 20వ తేదీన ఆసుపత్రిలో చేర్పించాడు. భర్త ఏం ఉద్యోగం చేస్తాడో తెలుసా? మలేరియా శాఖలో మలేరియా ఆఫీసర్! ఆసుపత్రి వాళ్ళు ఆమెకు టైఫాయిడ్ వైద్యం చేశారు. తగ్గలేదు. 24న చివరి దశలో ఇంకో ఆసుపత్రికి మార్చారు. అక్కడ రక్తంలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. ఆమె బతకలేదు.

ఆ భర్త వదల్లేదు. వినియోగదారుల ఫోరంకు పోయాడు. మలేరియాకు తాను వైద్యం చేయలేదని ఆసుపత్రి తరఫున వచ్చిన డాక్టరే అక్కడ ఒప్పుకున్నాడు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మన్నది. రాష్ట్ర కమిషన్ 2003లో దాన్ని కొట్టేసింది, నిపుణుడైన ఇంకో డాక్టర్‌తో సాక్ష్యం చెప్పించలేదని. జాతీయ కమిషన్ కూడా 2009లో అదే మాట అన్నది. చివరికి 2010 మార్చి 8న సుప్రీంకోర్టులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల బెంచి జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదు, తప్పు కళ్ళకు కట్టినట్టు కనబడుతుంటే చాలు అన్నది. లా చదివే మన వాళ్ళు దీన్ని నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ కేసు అని చదివే ఉంటారు.

ఇందులో నాకు అర్థమైంది రెండు. మలేరియా ఆఫీసర్ భార్యకే టైఫాయిడ్ అని పేరు పడిందంటే, ఇది చదువులేనితనం వల్ల మాత్రమే వచ్చే సమస్య కాదు. రెండోది, ఆయన దగ్గర కాగితాలున్నాయి. ఏ రోజు చేర్చారు, ఏం మందు ఇచ్చారు, రెండో ఆసుపత్రి స్లైడులో ఏం కనిపించింది, అన్నీ కేస్ షీట్లలో ఉన్నాయి. దాదాపు ఎనిమిదేళ్ళు కొట్లాడటానికి ఆ కాగితాలే బలం. మా చిన్నాయన దగ్గర ఏముంది? వేలెడంత చిట్టీ. ఆరెంపీ బిల్లు ఇవ్వడు, ఏం సూది వేశాడో రాయడు. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. 1995లో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది గానీ, అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే సర్కారు దవాఖానాలు దాని కిందికి రావన్నది. అంటే మనం ఎక్కువగా పోయే రెండు చోట్లా, ఆరెంపీ దగ్గరా, సర్కారు దవాఖానాలోనూ, తప్పు జరిగితే ఈ తోవ మనకు తెరుచుకోవడం కష్టం. కోర్టు దాకా పోయి గెలవడం మన చేతిలో లేదు. తప్పు పేరు పడకుండా మొదటి రోజే అడ్డుకోవడం మాత్రం కొంత మన చేతిలో ఉంది.

మలేరియా ఒక్కటే కాదు. సికిల్ సెల్ సంగతి చూడండి. వందల ఏళ్ళు మలేరియా ఉన్న చోట్లనే ఈ సికిల్ జన్యువు ఎక్కువ, ఎందుకంటే ఒక్క జన్యువు ఉన్నవాళ్ళకు మలేరియా ప్రాణం మీదికి రావడం తక్కువ. అంటే మన పెద్దల్ని కాపాడిందే మనకు రోగంగా మిగిలింది. రెండు జన్యువులూ ఉన్న పిల్లలకు కీళ్ళు, ఎముకలు భరించలేని నొప్పి, కళ్ళు పచ్చబడటం, రక్తం తక్కువ. మన దగ్గర ఆ నొప్పికి వాతం అని పేరు, పచ్చ కళ్ళకు కామెర్లని పసరు మందు, రక్తం తక్కువకు ఐరన్ గోలీలు. ఒకే పిల్లకు మూడు తప్పు పేర్లు! అసలు రోగానికి హైడ్రాక్సీయూరియా అనే మందు ఉంది. పేరు సరిగ్గా పడితేనే ఆ మందు దొరుకుతది.

2023 జులై 1న కేంద్రం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ రోగం లేకుండా చేయాలని, 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని పెట్టుకున్నారు. మంచిదే. కానీ పరీక్ష చేయడం వేరు, ఫలితాన్ని అర్థమయ్యేటట్టు చెప్పడం వేరు. మా మేనత్త కూతురు, నాకు వదిన వరస, ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు రక్తం ఇచ్చింది. ‘సికిల్ పాజిటివ్’ అన్నారు. అంతే, ఊరంతా పాకింది. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆమె ఏడాది పాటు ఎవరి పెళ్ళికీ పోలేదు. తర్వాత హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే ఆమెకు రోగం లేదు, ఒక్క జన్యువు ఉన్న వాహకురాలు మాత్రమే అని తేలింది. క్యాంపుల్లో చేసే మొదటి పరీక్ష జల్లెడ లాంటిది. వాహకులకూ పాజిటివే, రోగులకూ పాజిటివే. విడదీసి చెప్పేది రెండో పరీక్ష. ఆ మాట ఆ రోజు ఎవరన్నా రెండు ముక్కల్లో చెప్పి ఉంటే సరిపోయేది. పెళ్ళి విషయంలో చూసుకోవాల్సింది ఒక్కటే: ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు రోగం వస్తది. ఒక్కరే వాహకులైతే బిడ్డకు ఆ సికిల్ రోగం రాదు.

ఇవన్నీ డాక్టర్ల మీద కోపంతో రాయట్లేదు. డ్యూటీలో ఒక్క డాక్టర్, బయట రెండొందల మంది ఓపీ, ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీ అయితే ఆ డాక్టర్ మాత్రం ఏం చేస్తాడు? జ్వరాలన్నీ మొదటి రెండు రోజులు ఒక్క తీరుగానే ఉంటాయి. ప్రతి తప్పు నిర్ధారణా నిర్లక్ష్యం కాదని కోర్టులు కూడా చెప్పినయి. అమెరికాలో 2015లో అక్కడి నేషనల్ అకాడమీస్ వేసిన కమిటీ, అక్కడి మనుషుల్లో చాలామందికి జీవితంలో ఒక్కసారైనా ఇట్లాంటి తప్పు ఎదురవుతదని రాసింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రత దినం సెప్టెంబర్ 17కు రోగనిర్ధారణనే అంశంగా పెట్టింది. ఆరెంపీని తిట్టడం కూడా సులువే. అర్ధరాత్రి వాగు దాటి వచ్చేది ఆయనే, ఇంకెవరూ రారు.

అయితే అందరికీ జరిగే తప్పుకు మన దగ్గర ఎక్కువ ప్రాణాలు ఎందుకు పోతాయి? ఊళ్ళో ఉన్నోళ్ళకు ఒక డాక్టర్ తప్పితే ఇంకో డాక్టర్ ఉంటాడు, రెండో అభిప్రాయం ఉంటది. మనకు రెండో అభిప్రాయం అంటే వాగు అవతల. ఇంకొకటి భాష. మా అవ్వ కోయలో జ్వరం తీరు మొత్తం చెప్పగలదు, ఎప్పుడు చలి, ఎప్పుడు చెమట, ఎన్ని పూటలకు ఒకసారి. తెలుగులో అడిగితే ‘జరం సారూ’ అని ఒక్క మాట అంటది. రోగం తేల్చడంలో సగం రోగి చెప్పే మాటల్లోనే ఉంటదని మాకు మొదటి సంవత్సరమే చెప్పారు. ఆ సగం మన పెద్దల నోట్లోనే ఆగిపోతున్నది.

ఇక్కడే మన పని ఉంది. మనం ఇంట్లో మొదట చదువుకున్న వాళ్ళం. ఇప్పటిదాకా మన పని చిట్టీ చదివి వినిపించడం అనుకున్నం. నేనూ అట్లనే చేసిన. చదవడం సరిపోదు, అడగాలి. నేను ఇప్పుడు ఎవరితో ఆసుపత్రికి పోయినా ఒక ప్రశ్న వేస్తున్న: ‘ఏ పరీక్షతో తేల్చారు సార్?’ మర్యాదగానే అడుగుతున్న. కొందరు విసుక్కుంటారు. చాలామంది ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. ఆ ఒక్క క్షణమే మనకు కావాలి.

ఈ వానాకాలానికి మనం చేయగలిగినవి రాస్తున్న:

1. ఏజెన్సీ నుంచి వచ్చిన రెండు మూడు వారాల్లోనే కాదు, నెలల తర్వాత జ్వరం వచ్చినా డాక్టర్ అడగకముందే ‘మాది మలేరియా ఉండే ఊరు’ అని చెప్పండి. వైవాక్స్ కాలేయంలో దాక్కొని మళ్ళీ లేస్తది. అందుకే దానికి 14 రోజుల గోలీలు ఇస్తారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి.

2. ఊళ్ళో జ్వరమంటే మొదటి రోజే ఆశా అక్క దగ్గర కిట్టుతో మలేరియా పరీక్ష చేయించండి. వేలి కొసన చుక్క రక్తం, ఇరవై నిమిషాల పని. నెగెటివ్ వచ్చినా జ్వరం ఆగకపోతే స్లైడు మళ్ళీ తీయమనండి.

3. ఒక్క వైడాల్ చిట్టీతో టైఫాయిడ్ అంటే, మలేరియా పరీక్ష కూడా చేశారా అని అడగండి.

4. ప్రతి కాగితం దాచండి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లో ఉంది. రాతపూర్వకంగా అడగండి.

5. సికిల్ ఫలితం వస్తే ‘వాహకమా, రోగమా, రెండో పరీక్ష అయిందా’ అని తేల్చుకున్నాకే ఇంట్లో చెప్పండి.

ఐటీడీఏ సార్లను అడగాల్సినవి కూడా ఉన్నాయి. వానాకాలం నాలుగు నెలలైనా ప్రతి పీహెచ్‌సీలో స్లైడు చూసే మనిషి ఉండాలి. ఓపీ దగ్గర కోయ, గోండి, కొలామి తెలిసినవాళ్ళు ఒకరు కూర్చోవాలి. ఆ పని చేయగల మన పిల్లలు డిగ్రీలు చదివి ఖాళీగానే ఉన్నారు. ఆరెంపీలకు కనీసం మలేరియా కిట్టు వాడటం నేర్పి, పాజిటివ్ వస్తే ఎక్కడికి పంపాలో చెప్పాలి. వినతిపత్రం రాసే పని నేను తీసుకుంటా. సంతకాలు పెట్టేవాళ్ళు ముందుకు రండి.

చిన్నాయన చిట్టీ ఇంకా చిన్నమ్మ ట్రంకుపెట్టెలోనే ఉంది. మొన్న ఇంటికి పోయినప్పుడు తీసి చూసిన. అందులో రాసింది వైడాల్ ఒక్కటే. మలేరియా అనే గడి ఖాళీగా ఉంది. ఎనిమిదో తరగతిలో నేను రాసి ఉన్నదే చదివిన, ఖాళీగా ఉన్నదాన్ని చూడలేదు. అవ్వకు ఆ సంగతి కోయలో చెప్పిన. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా తల నిమిరి, ‘అప్పుడు నువ్వు పిల్లవి’ అన్నది.

ఇప్పుడు కాదు కదా.

జై ఆదివాసీ.